కమిషనర్ పూలు

ఎర్రమిట్ట మునిసిపాలిటీలో కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. వచ్చినప్పుడు వస్తాయి. వచ్చిన రోజు వీధి వీధంతా బిందెలతో, కేకలతో, చిన్నాచితకా తగాదాలతో కళకళలాడిపోతుంది. రాని రోజుల్లో జనం చెంబుతో ముఖం కడుక్కుని, ఆ నీళ్లతోనే కాళ్లు కూడా కడుక్కుని, తమ పనుల్లో తాముంటారు. అలాంటి ఊరివాళ్లకు నీటి పొదుపు నేర్పడానికి ఓ కమిషనర్‌ని పనిగట్టుకుని పంపించారంటే ప్రభుత్వానికి ఆ ఊరంటే ఎంత మమకారమో చూడండి.

ఆయన పేరు పరాంకుశరావు. వచ్చీ రాగానే అధ్యయన యాత్ర మీద ఎక్కడో దూరాన ఉన్న ఎడారి దేశానికి వెళ్లొచ్చాడు. అక్కడ ఇళ్ల ముందు పచ్చిక పెంచరట. ఇసుక పోసి, నాలుగు రాళ్లు పేర్చి, ఎడారి పూల విత్తనాలు చల్లి వదిలేస్తారట. చుక్క నీరు పోయకపోయినా అవి విరగబూస్తాయట. ఆ దృశ్యం చూసి ఆయన కళ్లు చెమర్చాయని, తిరుగు ప్రయాణంలో విమానంలోనే పథకం మొత్తం రాసేశాడని ఆఫీసువాళ్లు చెప్పుకుంటారు. పథకం పేరు గృహప్రాంగణ మరుపుష్ప వికాస కార్యక్రమం. ఆ పేరు తప్పు లేకుండా పలకడం నేర్చుకునేసరికి ఆఫీసులో సగంమంది అలసిపోయారు.

టౌన్‌హాల్లో ప్రారంభ సభ పెట్టారు. "మిత్రులారా, మీ ఇంటి ముందున్న పచ్చిక మీ నీటిని తాగేస్తోంది. ఆ పచ్చికను నిర్మూలిద్దాం!" అని పరాంకుశరావు పిలుపునిచ్చాడు.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఊరు మొత్తం మీద పచ్చిక ఉన్నది ఒకే ఒక్క చోట. అది కమిషనర్ బంగళా. అక్కడ పొద్దున్నించి సాయంత్రం దాకా గొట్టంతో తడుపుతూనే ఉంటారు. రిటైరైన సుంకన్న మాస్టారు లేచి నిలబడి ఆ మాటే అడిగాడు.

"మంచి ప్రశ్న" అన్నాడు కమిషనర్, నొచ్చుకోకుండా. "ఎంత నీరు ఆదా అయిందో కొలవాలంటే ఎక్కడో ఒకచోట నీరు వృథా అవుతూ ఉండాలి కదా. దాన్ని తులనాత్మక నమూనా అంటారు. ఆ బాధ్యత ఎవరూ తీసుకోకపోతే చివరికి నేనే తీసుకున్నాను."

ఇంత త్యాగం చేసిన మనిషిని ఇంకేం అడుగుతారు? చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో హనుమక్క కూడా ఉంది. పాత బస్టాండు వెనక వీధిలో, సొంత ఇంటి అరుగు మీదే ఆమెకు ఉగ్గాని హోటలు. ఉగ్గాని చేయడం ఆమె పని, మిరపకాయ బజ్జీలు వేయడం మొగుడు తిప్పేస్వామి పని. మాట్లాడే పని కూడా మొగుడి వాటాతో కలిపి ఆమే చేసేస్తుంది. తిప్పేస్వామి నోరు విప్పితే బజ్జీ మాడిపోతుందన్నంత జాగ్రత్తగా ఉంటాడు. ఆ హోటలు మీదే ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశారు, పైకప్పు వేయించుకున్నారు. ఆమెకు ఇంకో పని రాదు, నేర్చుకునే ఉద్దేశం కూడా లేదు. బొరుగులు, అదే మరమరాలు, నీళ్లలో తడిపి గట్టిగా పిండి, తిరగమాతలో వేసి, పప్పుల పొడి చల్లితే చాలు, స్టేషన్ దాకా జనం లైను కడతారు. కాకపోతే బొరుగులు నానడానికి నీళ్లు కావాలి. హనుమక్క జీవితంలో భయం ఏదైనా ఉందంటే అది కొళాయి గురించే.

సభ అయిన మర్నాడే మునిసిపాలిటీ ఫిట్టర్ ఓబులేసు ఇద్దరు కూలీలతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అక్కా, వాకిట్లో ఉండే పిచ్చిమొక్కలన్నీ పీకేయల్లంట. ఆర్డరు."

"పిచ్చిమొక్కలు యాడుండాయిరా? అది తంగేడు. ఇది తుమ్మి. నేను ఎప్పుడన్నా దీనికి చెంబెడు నీళ్లు పోసింటినా? దానంతట అదే మొలిచి, దానంతట అదే పూస్తాంది."

"అదేనక్కా వచ్చిన తంటా. పర్మిషన్ లేకుండా పూస్తాంది."

నీళ్లక్కర్లేని పూలు వేయడం కోసం నీళ్లక్కర్లేని పూలన్నీ పీకి ట్రాక్టర్లో వేసుకుపోయారు. ఆ చోట ఏటి నుంచి తెచ్చిన ఇసుక పరిచారు. ఎర్రమిట్ట పక్కనున్న ఏరు మామూలు ఏరు కాదు, ఇసుక తప్ప ఇంకేమీ పారని ఏరు. ఇసుక మీద విదేశీ విత్తనాలు చల్లారు. విత్తనాల సంచి మీద ఎర్రవి, ఊదావి, పసుపువి రకరకాల పూల బొమ్మలున్నాయి. పేర్లు మాత్రం ఎవరి నోటికీ తిరగలేదు. అందుకని ఊళ్లో అందరూ వాటిని కమిషనర్ పూలు అన్నారు.

వాటిని ఎలా పెంచాలో చెప్పడానికి రాజధాని నుంచి డాక్టర్ చిదంబరేశ్వర్ అనే సలహాదారు వచ్చాడు. ఎడారి మొక్కల మీద పరిశోధన చేసిన మనిషి. వీధి మలుపులో మైకు పెట్టి చెప్పాడు.

"వీటికి ఎరువు వేయకూడదు. మంచి మట్టి ఇవ్వకూడదు. నీరు పోయనే కూడదు. ఎంత నిర్లక్ష్యం చేస్తే అంత దృఢంగా పెరుగుతాయి. వీటికి ఉన్న శత్రువు ఒక్కటే, అధిక జలం. వేరు తడిసి కుళ్లిందంటే అంతటితో సరి."

తిప్పేస్వామి బజ్జీల గరిటె పక్కన పెట్టి, ఆ నెలలో మొదటిసారి నోరు విప్పాడు. "మనల్ని గూడా ఇట్లనే పెంచినారు గదనే" అన్నాడు పెళ్లాంతో.

ఊళ్లో అందరికంటే ముందు పూలు పూసింది సుంకన్న మాస్టారింట్లో. ఆయన ఏ పని చేసినా పద్ధతిగా చేసే మనిషి. నిర్లక్ష్యం చేయమన్నారు కాబట్టి నిష్ఠగా నిర్లక్ష్యం చేశాడు. మూడు పూలు విచ్చగానే కమిషనర్ బృందం మేళతాళాలతో దిగింది. మాస్టారికి శాలువా కప్పారు. గుమ్మానికి 'నిర్జల గృహం' అని ఆకుపచ్చ రేకు కొట్టారు. ఫోటోలు తీశారు. ఫోటోలయ్యాక ఓబులేసు స్పానర్ తీసి, ఇంటి కొళాయి గొట్టానికి బిరడా బిగించి వెళ్లిపోయాడు.

మాస్టారు శాలువాతోనే ఆఫీసుకు పరిగెత్తాడు. ఆ సమయానికి హనుమక్క కూడా అక్కడే ఉంది, కమిషనర్ గారి ఉగ్గాని పొట్లం ఇవ్వడానికి వచ్చి.

"అయ్యా, నా కొళాయి ఎందుకు మూయించినారు?"

"మీది నిర్జల గృహం కదా మాస్టారూ. నిర్జల గృహానికి జలం సరఫరా చేయడం పరస్పర విరుద్ధం. ఆడిట్‌వారు ఊరుకోరు."

"నీళ్లు అక్కర్లేంది పూలకు సార్. మాకు కావల్ల గదా."

కమిషనర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు ఆ గృహంలో నివసించడం లేదా?"

"నివసిస్తాన్నా."

"అంటే గృహంలో అంతర్భాగమే. గృహానికి అక్కర్లేదని ధ్రువీకరణ అయినప్పుడు అంతర్భాగానికి వేరే అవసరం ఎక్కణ్ణించి వస్తుంది? మీరు లెక్కల మాస్టారు, మీకు నేను చెప్పాలా?"

నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారికి ఆ లెక్కలో తప్పెక్కడుందో దొరకలేదు. ఉందని మాత్రం తెలుసు. శాలువా మడత పెట్టుకుని ఇంటికి పోయాడు.

హనుమక్కకు గుండెల్లో రాయి పడింది. ఆ పొద్దున్నే ఆమె వాకిట్లో కూడా మొగ్గలు కనిపించాయి.

ఇంటికొచ్చి మొగ్గలు తుంచబోయింది. ఎదురింటి అరుగు మీదున్నవాళ్లు లబోదిబోమన్నారు. విత్తనం ప్రభుత్వానిది కాబట్టి మొక్క ప్రభుత్వానిది. తుంచితే మరుపుష్ప విధ్వంసం కింద కేసు, కేసు తేలే దాకా కొళాయి మూత. పీకినా అంతే. ఎండబెట్టి చంపుదామంటే అవి ఎండకే పుట్టినవి. పక్కింటి మేకను తోలుకొచ్చి వదిలింది. ఎర్రమిట్ట మేకలు సినిమా పోస్టర్లు, పాత చెప్పులు కూడా వదలవు. ఆ మేక కమిషనర్ పూలను వాసన చూసి, హనుమక్క వంక అదోలా చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

అప్పుడు ఆమెకు సలహాదారు మైకులో చెప్పిన మాట గుర్తొచ్చింది. వీటి శత్రువు నీళ్లు. చచ్చిన మొక్కను పరీక్ష చేసి ఎలా చచ్చిందో తేల్చే నిబంధన ఉంది. కత్తికి చస్తే ఒక శిక్ష, నిప్పుకు చస్తే ఒకటి, మందుకు చస్తే ఒకటి. నీళ్లెక్కువై చస్తే ఏమిటన్నది మాత్రం ఎక్కడా లేదు. ఎర్రమిట్టలో మొక్కకు నీళ్లెక్కువ పోసే మనిషి ఉంటాడని రాసినవాళ్లెవరికీ తట్టలేదు.

ఆ వారం కొళాయికి నీళ్లొచ్చిన రోజు హనుమక్క ఓ ఘోరమైన పని చేసింది. ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు, గంగాళం అన్నీ నింపి, నింపినవన్నీ తెచ్చి వాకిట్లో కుమ్మరించింది. జీవితంలో ఎప్పుడూ నీళ్లు నేలపాలు చేసిన మనిషి కాదు. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకు, గిన్నెలు కడిగిన నీళ్లు గేదెకు పోసి పెరిగిన మనిషి. పోస్తున్నంతసేపూ కమిషనర్‌ని తిడుతూనే ఉంది. ఆ తిట్లు అచ్చు వేయడానికి వీల్లేదు.

"ఏమక్కా, ఇట్ల పోసేస్తాండావు?" అని ఎదురింటావిడ నోరెళ్లబెట్టింది.

"కొళాయి నిలుపుకోవల్లంటే నీళ్లు పారబోయల్ల. ఇంగ ఏం జేసేది?"

మర్నాటికి మొగ్గలు తలలు వాల్చాయి. ఆ మర్నాటికి కాడలు కుళ్లాయి. సంగతి తెలిసి వీధి వీధంతా అదే పనికి దిగింది. స్నానాలు మానేశారు, బట్టలుతకడం మానేశారు. దాచుకున్న నీళ్లన్నీ పూల మొదళ్లలో పోశారు. ఎర్రమిట్ట చరిత్రలో ఇళ్ల ముందు బురద కనిపించడం అదే మొదలు. పందులకు ఎక్కడ లేని సంతోషం వచ్చింది. ఊరి నీటి వాడకం రెట్టింపైందని ఇంజినీరు కంగారుపడుతూ కమిషనర్‌కు చెప్పాడట. "ప్రజల భాగస్వామ్యం పెరిగిందన్నమాట" అని ఆయన పైకి రాసి పంపాడట.

హనుమక్క ఊపిరి పీల్చుకుంది. మళ్లీ బొరుగులు నానబోసింది, మళ్లీ జనం లైను కట్టారు. ఈ సుఖం చూడలేకపోయాడేమో వరుణదేవుడు, ఆ వారాంతానే వాన కురిపించాడు.

మామూలు వాన కాదు. ఏళ్ల తరబడి బాకీ పడ్డదంతా ఒక్కసారే తెచ్చి గుమ్మరించాడు. జనం వీధుల్లోకొచ్చి తడిశారు. హనుమక్క అరుగు మీద నిలబడి నెత్తిన చేతులు పెట్టుకుని నవ్వింది. కమిషనర్ పూలు మిగిలినవేమైనా ఉంటే ఇంతటితో సఫా అనుకుంది.

ఎడారి పూల స్వభావం ఆమెకేం తెలుసు! మొలిచిన మొక్క నీళ్లకు చస్తుంది. మొలవకుండా ఇసుకలో నక్కిన విత్తనం అలా కాదు. సరిగ్గా అలాంటి వాన కోసమే కాచుకుని కూర్చుంటుంది. కొన్నాళ్లకు ఇసుకంతా పచ్చబడింది. ఇంకొన్నాళ్లకు ఎర్రమిట్ట ఎర్రగా, ఊదాగా, పసుపుగా భగ్గుమంది. వాకిళ్లలో పూలు, కాలవ గట్ల మీద పూలు, బస్టాండు గోడల పగుళ్లలో పూలు. అందంగా లేవంటే కళ్లు పోతాయి. రైల్లో పోయేవాళ్లు కిటికీల్లోంచి సెల్ఫీలు తీసుకున్నారు. ఊళ్లోవాళ్లు వాటిని చూసి గొల్లుమన్నారు.

కమిషనర్‌కు తీరిక లేకుండా పోయింది. ఇంటింటికీ పోయి సన్మానాలు చేయడం కుదరక శాలువాలు వ్యాన్‌లో వేసుకుని తిరిగాడు. వ్యాన్ వెనకాల ఓబులేసు, అతని చేతిలో స్పానర్.

హనుమక్క ఇంటి ముందు వ్యాన్ ఆగింది. శాలువా కప్పారు, రేకు కొట్టారు. ఓబులేసు గొట్టం ముందు కూర్చుని బిరడా బిగిస్తూ కళ్లు తుడుచుకున్నాడు. "ఏమనుకోవద్దక్కా. నేను పొద్దున తినేది గూడా నీ చేతి ఉగ్గానినే."

"రేపటి నుంచి తిందువులేరా, నా చేతి మన్ను" అంది హనుమక్క.

హోటలు మూతపడింది. తాగడానికి నీళ్లంటే రైల్వే గేటు అవతల రైతు బోరు దగ్గర బతిమాలుకుని బిందెలతో మోసుకురావచ్చు, ఊరంతా అలాగే మోస్తోంది. హోటలుకు అలా మోయాలంటే మనిషి నడుము మిగలదు. ఒకరోజు తడపకుండానే బొరుగులు తిరగమాతలో వేసి చూసింది. తిన్నవాళ్లు మర్యాదకు బాగుందన్నారు, మర్నాడు రాలేదు. చల్లారిన పొయ్యి ముందు తిప్పేస్వామి గరిటె పట్టుకుని ఊరికే కూర్చుంటే చూసి హనుమక్కకు దుఃఖం ముంచుకొచ్చింది. దుఃఖం కాసేపే. ఆ తర్వాత కోపం వచ్చింది, ఆ కోపం చాలాసేపు ఉంది.

కోపంతోనే బంగళాకు పోయి అడిగింది. వెళ్లేముందు వాకిట్లో ఎండిన పూల కాయలన్నీ నలిపి, గింజలు కొంగున మూట కట్టుకుంది.

బంగళాలో గొట్టంతో పచ్చిక తడుపుతూనే ఉన్నారు. పరాంకుశరావు వరండాలో కుర్చీ వేసుకుని ఆ తడి గాలికి సేదదీరుతున్నాడు.

"సార్, నా కడుపు కొట్టద్దు. హోటలుకైనా కొళాయి ఇప్పించండి."

"అమ్మా, మీ వీధి రాష్ట్రంలోనే ప్రథమ సంపూర్ణ నిర్జల వీధి. రాజధాని నుంచి మునిసిపల్ డైరెక్టర్‌గారు స్వయంగా చూడటానికి వస్తున్నారు. ఇలాంటి చారిత్రక ఘట్టంలో ఉగ్గాని గురించి మాట్లాడతారా?"

"మీరూ పొద్దున పొద్దున తెప్పించుకుంటాండిరి గద సార్."

ఆయన ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. ఉగ్గాని లేక ఆయనకూ పొద్దుటిపూట నీరసంగానే ఉంటోంది. "ప్రజాసేవలో కొన్ని కోల్పోతాం" అన్నాడు గంభీరంగా.

హనుమక్క దణ్ణం పెట్టి బయటికి నడిచింది. గేటు లోపల ఓ పక్క, ఎప్పుడో కట్టుబడికి తెచ్చి వదిలేసిన కంకర, ఇసుక దిబ్బలా పడి ఉంది. తడిపే గొట్టం అక్కడిదాకా రాదు. చెప్పులో రాయి గుచ్చుకున్నట్టు వంగింది. కొంగు విప్పి దులిపింది. దులుపుతూ ఓ తిట్టు తిట్టింది, అది కూడా అచ్చు వేయడానికి వీల్లేదు.

నాలుగు రోజులకు ఓ జల్లు పడింది. ఆమె చేసిన పుణ్యమో, కమిషనర్ చేసుకున్న పాపమో గానీ, డైరెక్టర్‌గారు వచ్చే వేళకి ఆ దిబ్బ మీద కమిషనర్ పూలు మోకాలెత్తున విరగబూసి ఉన్నాయి. ఇన్నాళ్లూ కమిషనర్ ఆ వైపు చూడనే లేదు. ఆయన చూపెప్పుడూ పచ్చిక మీదే.

డైరెక్టర్ కారు దిగుతూనే పూలు చూసి నిలబడిపోయారు. "అద్భుతం పరాంకుశరావుగారూ! అధికారి నివాసమే ఆదర్శం కావాలని నేను ఎన్ని సమావేశాల్లో మొత్తుకున్నాను! మీరు చేసి చూపించారు."

"అది... సర్... ఈ బంగళా తులనాత్మక నమూనా..."

"వినయం వద్దు. ఫిట్టర్ ఎక్కడ?"

ఫిట్టర్ ఎక్కడికీ పోలేదు, వ్యాన్ వెనకాలే ఉన్నాడు. శాలువా కప్పారు. రేకు కొట్టారు. కమిషనర్ ఫోటోకు నవ్వాడు, ఆ ఫోటో ఇప్పటికీ ఆఫీసులో ఉంది, చూసినవాళ్లకు పంటి నొప్పి గుర్తొస్తుంది. ఓబులేసు ఆ రోజు బిరడా బిగించినంత శ్రద్ధగా తన ఉద్యోగంలో ఎన్నడూ ఏ పనీ చేయలేదు. ఒకసారి బిగించి, విప్పి ఓ చుట్టు జనపనార చుట్టి, మళ్లీ బిగించాడు.

మూడో రోజుకు కమిషనర్ భార్య పుట్టింటికి వెళ్లిపోయింది. పచ్చిక ఎండుగడ్డి రంగుకు తిరిగింది. పరాంకుశరావు మినరల్ వాటర్ సీసాతో గడ్డం గీసుకుంటూ లోతుగా ఆలోచించి, మానవజాతి గురించి ఓ కొత్త విషయం కనిపెట్టాడు. మనుషుల్లో కొందరికి నీళ్లు అవసరం. వెంటనే రెండో దశ ఉత్తర్వు వచ్చింది. నిర్జల గృహాల్లో నివసించే జీవుల్లో నీరు అవసరమైన జాతి ఏదో, అవసరం లేని జాతి ఏదో శాస్త్రీయంగా తేల్చి, అవసరమైన జాతికి మాత్రం కొళాయి పునరుద్ధరించవలెను. మొట్టమొదట బంగళాను పరీక్షించారు. అక్కడి జీవుల్లో ఒకటి నీరు లేక వలస వెళ్లినట్టు తేలడంతో ఆ సాయంత్రానికే కొళాయి తిరిగింది.

తేల్చే బాధ్యత డాక్టర్ చిదంబరేశ్వర్‌ది. ఆయనకు తెలిసిన కొలత ఒకటే, మొక్కల కొలత. నీరు ఆపి చూడాలి. చస్తే అది నీరు అవసరమైన జాతి. బతికితే కరవును తట్టుకునే జాతి.

పాత బస్టాండు వీధిలో పరీక్ష సుంకన్న మాస్టారితో మొదలైంది. హనుమక్క తన అరుగు మీద నుంచి చెవులు రిక్కించి విన్నది.

"కొళాయి మూసి ఎన్నాళ్లయింది?" అని సలహాదారు అడిగాడు.

"అందరికంటే ముందు నాదే సార్ మూసింది. అల్లాడిపోతాండాను. పొద్దున్నే లేచి సైకిల్‌కి బిందెలు కట్టుకుని రైల్వే గేటు దాటి పోతాండా. మోకాళ్లు పోయినాయి."

"అయినా జీవించే ఉన్నారు!" సలహాదారు కళ్లు మెరిశాయి. మాస్టారి చుట్టూ తిరిగి చూశాడు. "వయసు మళ్లినా ఇంత తట్టుకోవడం అసాధారణం. ఉత్తమ జాతి. మీకు నీరు అక్కర్లేదు. మీకు అన్నదమ్ములెవరైనా ఉన్నారా? ఇతర మునిసిపాలిటీలకు సిఫార్సు చేస్తాను."

"అయ్యా, నేను నిజం చెప్తే మీరు..."

"నిజమే చెప్పారు. అందుకే సులువుగా తేలింది."

మాస్టారు అరుగు మీద కూలబడ్డాడు. సలహాదారు, ఓబులేసు వీధి దాటి హనుమక్క దగ్గరికి వచ్చారు. ఆమె కొంగు బిగించి నిలబడింది. ఈ ఒక్క జవాబు మీదే తన పొయ్యి వెలగడం ఆధారపడి ఉందని ఆమెకు బాగా తెలుసు.

"కొళాయి మూశాక మీరెలా జీవించారమ్మా?"

"జీవించలేదు సార్" అంది హనుమక్క. "చచ్చిపోయినా."

ఓబులేసు చేతిలో స్పానర్ జారి కింద పడింది. సలహాదారు కళ్లజోడు సర్దుకుని ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"చనిపోయారా?"

"ఆ సార్. పోయిన సోమవారం. నీళ్లు లేక."

"సాక్షులు?"

ఎవరూ ఊహించని విధంగా తిప్పేస్వామి చల్లారిన పొయ్యి పక్క నుంచి లేచాడు. "నేనుండా గద సార్. నేనే పూడ్చి వచ్చినా" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "బంగారట్లాంటి మనిషి. ఒక్కటే నోరెక్కువ."

హనుమక్క మొగుడి వైపు ఓ చూపు చూసింది. చచ్చిపోయిన కారణాన ఏమీ అనలేకపోయింది.

సలహాదారు కాసేపు ఆలోచించాడు. ఎదురుగా నిలబడి ఉన్న మనిషి చచ్చిపోయిందంటే సందేహం రావడం సహజమే. కానీ ఇన్నాళ్ల పథకంలో ఇంత స్పష్టమైన ఫలితం ఆయనకు ఇంతవరకూ దొరకలేదు. మరణం ఉంది, కారణం ఉంది, సాక్షి ఉన్నాడు. "చాలా సంతోషం" అని హనుమక్క చేయి పట్టుకుని ఊపాడు. "నీరు అత్యవసరమైన జాతి. కొళాయి తిప్పండి."

ఓబులేసు బిరడా ఊడదీశాడు. గొట్టం రెండుసార్లు దగ్గి, కాసిన్ని ఎర్రనీళ్లు కక్కి, తర్వాత తెల్లగా ధార కట్టింది. హనుమక్క బకెట్ పెట్టి ఆ ధార కింద చేయి ఉంచి, ఉంచినట్టే నిలబడిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తిప్పేస్వామి పొయ్యి అంటించాడు.

నూనె వాసనకి సలహాదారు అక్కడి నుంచి కదల్లేకపోయాడు. "ఒక ప్లేటు ఉగ్గాని దొరుకుతుందా?"

"చచ్చినోళ్ల చేతిది తింటారా సార్?"

ఆయన నిబంధనలన్నీ మనసులో ఓసారి తిరగేసుకున్నాడు. "అభ్యంతరం కనబడటం లేదు. బజ్జీ కూడా వేయించండి" అని అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఆయన తింటుండగానే మాట వీధి చివరి దాకా పాకింది. ఎదురింటావిడ పరిగెత్తుకుంటూ వచ్చి "నేనూ పోయినా సార్, మా అత్తగూడా పోయింది" అంది. ఆ అత్త వెనకాలే వచ్చి, తనే ముందు పోయానని కోడలితో తగాదా పెట్టుకుంది. కిరాణా కొట్టాయన కుటుంబంతో సహా వచ్చాడు. దర్జీ, ఇస్త్రీ బండి ఆయన, బ్యాంకు గుమస్తా అందరూ వచ్చి నిలబడి, ఒకళ్ల చావుకు ఒకళ్లు సాక్ష్యం చెప్పుకున్నారు. ఓబులేసు బిరడాలు ఊడదీసి ఊడదీసి చేతులు నొప్పులని కూర్చున్నాడు.

సుంకన్న మాస్టారు ఇదంతా తన అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. హనుమక్క ఆయన దగ్గరికి పోయి మెల్లగా చెప్పి చూసింది. "మీరు గూడా ఒక మాట అనేయండి మాస్టరూ. పోయేదేముంది?"

"అబద్ధం నా నోటికి రాదు తల్లీ" అన్నాడాయన దిగులుగా. "ఇన్నాళ్లూ ఆ పిల్లకాయలకు నేను చెప్పిందంతా ఏమైపోవల్ల?"

సాయంత్రానికి వీధిలో ఒక్కటి తప్ప ప్రతి కొళాయీ తిరిగింది. సలహాదారు లెక్క ప్రకారం ఆ వీధిలో బతికున్న మనిషి సుంకన్న మాస్టారొక్కడే, నీళ్లు లేనిదీ ఆయన ఒక్కడికే. దీపాలు పెట్టే వేళకు హనుమక్క నిండు బిందె చంకనెత్తుకుని వీధి దాటి ఆయన ఇంటికి నడిచింది.